కారుతోందా? ఊరుతోందా?

తెలుగు పాఠం చెప్పుకునే మనిషికి తెరచాప పడవతో పనేమిటని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. మీకంటే ముందే మా ఆవిడ అడిగింది. "వేసవి సెలవలకి తమ్ముడి దగ్గరికి వెళ్ళి నాలుగు ఊళ్ళు చూసి రండి అని పంపిస్తే, పడవ కింద పడుకుని నట్లు బిగించి వచ్చారా?" అంది. పడవ కింద కాదు, పడవ లోపల అని సవరించాను. ఆ తేడా ఆవిడ లెక్కలోకి రాలేదు.

మా తమ్ముడు అమెరికాలో, సియాటిల్‌లో ఉంటాడు. ఆ ఊరి చుట్టూ నీళ్ళే. పడమట ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ, తూర్పున వాషింగ్టన్ సరస్సు, రెంటినీ కలుపుతూ ఒక కాలవ, దానిమీద ఓడల్ని ఎక్కించి దింపే లాకులు. గోదావరి కాలవల మీద లాకులు చూసినవాళ్ళకి అదేమీ వింత కాదు. అక్కడివాటిని 1917లో తెరిచారు. ఇక ఆ ఊరి వాన సంగతి చెప్పాలి. మన వానలాగా వచ్చి, కొట్టి, పోయేది కాదు. భోజనం అయినా లేవకుండా కబుర్లు చెప్పే చుట్టంలాగా, చలికాలమంతా సన్నగా కురుస్తూనే ఉంటుంది.

అటువంటి ఊళ్ళో మావాడు పాత పడవ కొన్నాడు. 1978లో కట్టినది. ముప్ఫై అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాసు ఒళ్ళు, మధ్యన అల్యూమినియం స్తంభం. లోపల నలుగురు పడుకునేందుకు గది, బొమ్మరిల్లు పొయ్యిలాంటి పొయ్యి, అటు మూడు ఇటు మూడు కిటికీలు. వాడి పడవ పిచ్చి ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు తాళ్ళరేవులో మా మేనమామగారింటికి వెళితే, ఒడ్డున చెక్కపడవలు కట్టేచోటే పొద్దంతా ఉండేవాడు. పలకల సందుల్లో నార దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తూ ఉంటే ఆ వాసన కోసమే అక్కడ కూర్చునేవాడు. అన్నానికి పిలవడానికి నేను వెళ్ళేవాణ్ణి.

నేను వెళ్ళిన మర్నాడే మా మరదలు ఫిర్యాదు దాఖలు చేసింది.

"బావగారూ, మీరైనా చెప్పండి. ఆ పడవలో నేను పడుకున్న ప్రతిసారీ దిండు తడుస్తోంది. మూడేళ్ళయింది. కిటికీ బాగుచేశానంటారు, మళ్ళీ తడుస్తుంది. మన విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య, ఇంకో నలుగురు ఆడపిల్లలతో కలిసి తారిణి అనే తెరచాప పడవలో 2017లో గోవాలో బయలుదేరి, 2018లో భూమి చుట్టూ తిరిగి వచ్చేశారు. మీ తమ్ముడుగారు ఇంకా ఒక కిటికీ దగ్గరే ఉన్నారు!"

తమ్ముడు వినిపించుకోనట్టు కాఫీ తాగాడు. జూన్ నెలాఖరున పదేళ్ళ కూతుర్నీ భార్యనీ నన్నూ ఎక్కించుకుని, జువాన్ డి ఫూకా జలసంధి దాటి, ఉత్తరాన సాన్ హువాన్ దీవులకి తీసుకువెళ్ళాలని వాడి ముచ్చట. పిల్ల అప్పుడే పెట్టె సర్దుకుంది. తడిసే దిండు మీద పడుకోనని తల్లి పంతం.

పడవ దగ్గరికి వెళ్ళాం. ఎడమవైపు మధ్య కిటికీ కింది మూలన గోధుమరంగు మరక, కాశీమజిలీ పటంలాగా చారలు చారలుగా దిగింది. దాని కింద మా మరదలు పెట్టిన స్టీలు గిన్నె.

"ముందొక మాట చెప్పు. ఇది కారుతోందా, ఊరుతోందా, చెమరుస్తోందా?" అన్నాను.

"ఏదైతేనేం అన్నయ్యా, తడే కదా" అన్నాడు.

ఏదైనా ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు పుట్టాయి? మనవాళ్ళు ఇల్లు 'కురుస్తోంది' అంటారు. అంటే కప్పులో చిల్లి ఉంది. వానతో మొదలై వానతో ఆగుతుంది. 'జల్లు కొడుతోంది' అంటే కిటికీ తలుపు సరిగ్గా పడలేదు. 'కారుతోంది' అంటే ధార కంటికి కనబడుతోంది. 'ఊరుతోంది' అంటే నీరు ఎక్కడో నిలవ ఉండి, వాన వెలిశాక కూడా తాపీగా దిగుతోంది. ఇక 'చెమర్చడం' అసలు బయటి నీరే కాదు. లోపలి మనుషుల ఊపిరి, వంట ఆవిరి చల్లని అద్దానికి తగిలి బొట్లు కడుతుంది. చెమర్చే కిటికీకి మణుగు లప్పం పెట్టినా ప్రయోజనం లేదు, గాలి ఆడనివ్వాలి.

తమ్ముడు కాస్త ఆలోచించి, "వాన వెలిసిన రెండు రోజులకి కూడా గిన్నెలో బొట్లు పడుతున్నాయి" అన్నాడు.

అంటే ఊరుతోంది. అంటే నీరు ఎక్కడో దాక్కుని ఉంది.

వాడు మూడేళ్ళుగా చేసిన వైద్యం ఏమిటంటే, వాన వెలిసినప్పుడల్లా కిటికీ చుట్టూ బయటినుంచి సిలికోను గొట్టం పిండి, వేలితో పూయడం. పాత పూత మీద కొత్త పూత. ఇంట్లో గోడ చెమ్మకి సున్నం వేయించినట్టే. రంగు మారుతుంది, రోగం మారదు. పైగా సిలికోనుకి ఒక దుర్గుణం ఉంది. అది ఒకసారి అంటినచోట మరే జిగురూ సరిగ్గా అంటదు, మొత్తం గీకి పారేస్తే తప్ప.

నా చేతికి అలవాటైన పదార్థం సుద్దముక్క. మరకున్న గోడంతా తుడిచి ఆరబెట్టి, కిటికీ చుట్టూ, పైన కనిపించే ప్రతి బోల్టు కిందా సుద్దపొడి రాశాం. నీటిబొట్టు నడిస్తే సుద్దలో దాని అడుగుజాడ పడుతుంది. తమ్ముడు పైన గొట్టంతో నీళ్ళు పోయాలి, నేను లోపల దీపం పట్టుకుని చూడాలి. కిందినుంచి పైకి పోవాలన్నది నియమం. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏ దొంగ దొరికాడో తెలియదు. ఒక్కొక్క చోట పది నిమిషాలు, తొందర పనికిరాదు.

కిటికీ కింది అంచు మీద పోశాడు. ఏమీ లేదు. పై అంచు మీద పోశాడు. లేదు. పక్కనున్న కమ్మీల కాళ్ళ మీద పోశాడు. అక్కడా లేదు. మూడేళ్ళు నిందమోసిన కిటికీ నిర్దోషి! చివరికి కిటికీకి రెండడుగుల ముందు, స్తంభాన్ని పట్టే ఉక్కు తీగెల మొదట్లో పోశాడు. ఎనిమిది నిమిషాలు గడిచాయి. పైకప్పు అస్తరు వెనకనుంచి ఒక బొట్టు వచ్చి, నెమ్మదిగా జారి, కిటికీ చట్రం మీదికి ఎక్కి, దాని అంచు వెంబడే నడిచి, సరిగ్గా ఆ మూలన కిందికి దిగింది. సుద్దలో గీత గీసినట్టు దారి పడింది. "దొరికింది! ఆపు!" అని కేకవేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెరచాప స్తంభం తనంతట తను నిలబడదు. గాలి తోపుని కాసేందుకు రెండువైపులా ఉక్కు తీగెలు లాగి కడతారు. ఆ తీగెలు కిందికి వచ్చి ఉక్కు పట్టీలకి తగులుకుంటాయి. ఆ పట్టీ పడవ పైకప్పుని చీల్చుకుని లోపలికి దిగి, అడ్డంగా ఉన్న ప్లైవుడ్ గోడకి బోల్టులతో బిగిసి ఉంటుంది. మొత్తం స్తంభం భారం ఆ చెక్కమీద. పైకప్పు కూడా గట్టి దిమ్మ కాదు. రెండు ఫైబర్‌గ్లాసు పొరలు, నడుమ బాల్సా అనే తేలిక చెక్క. గాలికి పట్టీ కదలగా కదలగా చుట్టూ వేసిన లప్పం విడిపోతుంది. వెంట్రుకవాసి సందు చాలు. నీరు నడిమి చెక్కలోకి పోతుంది, తాగుతుంది, నిలవ ఉంటుంది, ఊరుతుంది. కొంత అస్తరు వెనకనుంచి కిటికీ దగ్గరికి. మరి మిగతాది?

మిగతాది నేరుగా కిందికి, ప్లైవుడ్ గోడకి. అక్కడ ఒక చెక్క అర ఉంది. అందులో ఒక గుడ్డసంచీ తగిలించి ఉంది. తమ్ముడు సంచీ తీశాడు. వెనక చెక్క నల్లగా ఉంది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే, నానిన అటుకుల్లోకి దిగినట్టు పిడిదాకా దిగింది.

వాడు స్క్రూడ్రైవరు తీయలేదు. అలాగే కూర్చుండిపోయాడు.

"పోయినేడే చూశాను అన్నయ్యా, ఈ నలుపు" అన్నాడు చాలాసేపటికి. "ఏదో మరక అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. సంచీ తగిలించి కప్పేశాను. దానికి చెప్పలేదు."

జలసంధి మధ్య గాలి ఎడమవైపునుంచి కొట్టి ఉంటే, ఆ తీగెల మీద భారం పడి ఉంటే, పట్టీ ఆ కుళ్ళు చెక్కనుంచి ఊడి, స్తంభం విరిగి, కింద ఎవరుంటే వాళ్ళమీద! పిల్ల ఎప్పుడూ కూర్చునే చోటు సరిగ్గా అక్కడే. ఆ మాట మాలో ఎవరమూ అనలేదు.

ఆ రాత్రి వాడే భార్యకి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. తిడుతుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, "మీరు సంచీ పెట్టారు, నేను గిన్నె పెట్టాను. ఇద్దరమూ ఒకటే చేశాం" అంది. లోపలికి వెళ్ళి పిల్ల సర్దుకున్న పెట్టె తనే విప్పేసింది.

మర్నాడు తమ్ముణ్ణి లేపడానికి నేనొక కథ చెప్పవలసి వచ్చింది. కథ వాడు చెప్పినదే, వాడికే తిరిగి చెప్పాను. సుహైలి అనే పడవ మన బొంబాయిలో, మన వడ్రంగుల చేతిమీద తయారైంది. టేకుచెక్క, ముప్ఫై రెండడుగులు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఇంగ్లీషు నావికుడు 1968 జూన్‌లో ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి దానిమీద ఒంటరిగా బయలుదేరాడు, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావడానికి. అట్లాంటిక్‌లో ఉండగానే నీరు లోపలికి రావడం మొదలుపెట్టింది. అతను పైనుంచి ఏ పూతా పూయలేదు. సముద్రంలోకి దూకి, పడవ కిందికి ఈది, సందు ఎక్కడుందో కళ్ళతో చూశాడు. అడుగున పలకల మధ్య తెరిచుకుంది. ఊపిరి బిగపట్టి మళ్ళీ మళ్ళీ మునుగుతూ దూది దట్టించాడు, పైన రాగిరేకు కొట్టాడు. మధ్యలో ఒక సొరచేప చుట్టూ తిరిగితే, పైకెక్కి తుపాకీతో కొట్టి మళ్ళీ దిగాడు. 1969 ఏప్రిల్ 22న ఫాల్మత్ చేరాడు. పందెంలో బయలుదేరిన తొమ్మిదిమందిలో చేరినది అతనొక్కడే.

"మనకి సొరచేప లేదు కదురా. లే" అన్నాను.

నాలుగు వారాలు పట్టింది. ముందు స్తంభం పైనుంచి వేరే తాళ్ళు లాగి పక్కకి కట్టి, ఆ తరవాతే తీగె వదులుచేశాం. పట్టీ ఊడదీస్తే, కనబడే భాగమంతా వెండిలా మెరుస్తోంది, పైకప్పులో దాగిన నాలుగంగుళాలు మాత్రం గోధుమరంగు గుంటలు. తుప్పు పట్టని ఉక్కు అంటారుగానీ, గాలి తగలనిచోట తడి నిలిస్తే దానికీ పుండు పడుతుంది. కొత్త పట్టీ చేయించాం. కుళ్ళిన ప్లైవుడ్ గట్టి చెక్క తగిలేదాకా కోసేసి, కొత్త ముక్క ఎపాక్సీతో అతికించాం. పైకప్పు బెజ్జాల చుట్టూ తడిసిన బాల్సాని తవ్వి తీసి, ఆరబెట్టి, ఆ ఖాళీలో చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దానిలోంచి మళ్ళీ బెజ్జం వేశాం. ఇక మీదట ఎప్పుడైనా నీరు దిగినా నడిమి చెక్కకి అందదు.

పనిలో పనిగా కిటికీలూ ఊడదీశాం. నిర్దోషులే, కానీ మూడేళ్ళ సిలికోను వాటి మెడకి చుట్టుకుని ఉంది. అవి గాజువి కావు, యాక్రిలిక్‌వి. తమ్ముడు అసిటోను సీసా తీస్తే ఆపాను. సీసా మీద చదివి ఆపాను లెండి. ఆ మందు యాక్రిలిక్‌ని తాకితే జుట్టులాంటి పగుళ్ళు వేస్తుంది. చెక్కబద్దతో ఓపిగ్గా గీకాం. మళ్ళీ అమర్చడానికి బ్యూటైల్ పట్టీ తెచ్చాం. బూడిదరంగు బంక, అచ్చం పనసకాయ జిగురే. పనసకాయ అయితే చేతికి నూనె రాసుకుంటాం. ఇక్కడ నూనె తగిలితే బంక అంటదు. నా పది వేళ్ళూ ఒకదానికొకటి అంటుకుని, మా మరదలు అన్నం ముద్దలు చేసి పెట్టవలసిన స్థితి వచ్చింది.

బోల్టు బిగించడంలో కూడా ఒక రహస్యం ఉంది. పైన తమ్ముడు బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి, లోపల నేను నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టే తిరిగితే దాని మెడకి పట్టిన బంక చీలిపోతుంది. అందుకని ఇది ఇద్దరు చేసే పని. ఒక్కరోజులో బిగించకూడదు. ఇవాళ కొంచెం, బంక అంచులనుంచి మెల్లిగా పొర్లి వస్తుంది, రేపు కొంచెం, ఎల్లుండి కొంచెం. ఒకేసారి బిగిస్తే బంకంతా బయటికి పోయి, లోపల ఉత్త ఇనుమూ ఫైబరూ మిగులుతాయి. పైనుంచి "పట్టుకున్నా అన్నయ్యా", కిందినుంచి "తిప్పుతున్నారా". ఇరవయ్యేళ్ళుగా ఫోనులో "బాగున్నావా, బాగున్నాం" తప్ప మాట్లాడుకోని అన్నదమ్ములం ఆ నాలుగు వారాల్లో చాలా మాట్లాడుకున్నాం. అందులో ఎక్కువ నట్ల గురించే. కొంచెం అమ్మ గురించి.

దీవులకి వెళ్ళలేదు. పిల్ల రెండు రోజులు అలిగింది. నేను బయలుదేరే ముందురోజు మళ్ళీ సుద్దపొడి రాసి, అరగంట నీళ్ళు పోశాం. తెల్లటి సుద్ద తెల్లగానే ఉంది. పిల్లే దీపం పట్టుకుని చూసి, "పాస్, పెదనాన్నా" అంది.

కాకినాడ వచ్చాక, మా హాల్లో తూర్పుగోడకి తగిలించిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వైపు చూశాను. అది నిరుటి క్యాలెండరు. నిరుటిది ఇంకా ఎందుకుందో మీలో కొందరికి వెంటనే తెలిసి ఉంటుంది. తీశాను. వెనక అరచేయంత చెమ్మ, పొరలు పొరలుగా లేచిన సున్నం. మేస్త్రీని పిలిస్తే లోపలివైపు నీరు పట్టని రంగు వేస్తానన్నాడు. వద్దన్నాను. మేడ మీదికి వెళ్ళి, సుద్దముక్కా బిందెడు నీళ్ళూ పెట్టుకుని కూర్చున్నాను. కిందినుంచి పైకి, ఒక్కొక్క చోట పది నిమిషాలు. చెమ్మకి పైన శ్లాబులో ఏ పగులూ లేదు. నాలుగడుగుల అవతల, నీళ్ళ ట్యాంకు గొట్టం శ్లాబుని చీల్చుకుని దిగేచోట, గొట్టం చుట్టూ సిమెంటు విడిపోయి ఉంది. పడవకి పట్టీ ఎలాగో ఇంటికి గొట్టం అలాగు. గోడకి గాని కప్పుకి గాని ఒక వస్తువు గుచ్చుకుని లోపలికి వచ్చేచోటే చూడండి, నూటికి తొంభైపాళ్ళు దొంగ అక్కడే ఉంటాడు. గొట్టం చుట్టూ తవ్వించి, శుభ్రం చేయించి, కొత్తగా పూడ్పించాను. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయనివ్వలేదు. రెండు నెలలు ఆ మరక వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడుతూనే ఉంది. మా ఆవిడ మొదట్లో సిగ్గుపడింది. తరవాత అలవాటుపడి, "ఆరుతోందండీ" అని తనే చూపించేది.

జనవరిలో ఒక తెల్లవారుజామున తమ్ముడు ఫోను చేశాడు. అక్కడ వారంరోజులుగా వాన. ముగ్గురూ పడవలోనే పడుకుంటున్నారట.

"అన్నయ్యా, కిటికీ మీద తడి ఉంది" అన్నాడు.

నా గుండె కొంచెం జారింది. "కారుతోందా?"

"లేదు."

"ఊరుతోందా?"

"లేదు. సుద్ద రాసి చూశాం. చెమరుస్తోంది, అంతే. రాత్రి మీ మరదలు పులుసు పెట్టింది."

"అయితే ఆ తలుపు ఒక అంగుళం తెరిచి పడుకోండి" అన్నాను.